ఎల్‌నినో వస్తే కరవు తప్పదా? గణాంకాల వరుసలో కారణాన్ని గుర్తించేదెలా

ఏటా ఏప్రిల్‌లో భారత వాతావరణ విభాగం (ఐఎండీ) నైరుతి రుతుపవనాలపై తొలి అంచనాను వెలువరించగానే, వేల కిలోమీటర్ల దూరంలోని పసిఫిక్ మహాసముద్రం పేరు అనంతపురం వేరుశనగ రైతు నోట, ఆదిలాబాద్ పత్తి రైతు నోట వినిపిస్తుంది. సముద్రం వేడెక్కి ఎల్‌నినో ఏర్పడితే వానలు తగ్గుతాయన్నది నేడు సాధారణ పరిజ్ఞానంగా మారింది. విత్తనం ఎప్పుడు కొనాలి, జలాశయాల నుంచి ఎంత నీరు వదలాలి, ధాన్యం నిల్వలు ఎంత ఉంచుకోవాలి అనే నిర్ణయాలపై ఈ భావన ప్రభావం చూపుతోంది.

అయితే 1997లో 20వ శతాబ్దంలోనే అత్యంత తీవ్రమైన ఎల్‌నినోలలో ఒకటి ఏర్పడినా, దేశంలో నైరుతి వర్షపాతం దీర్ఘకాలిక సగటులో 102 శాతంగా నమోదైంది. అంతకంటే బలహీనమైన ఎల్‌నినో ఏర్పడిన 2002లో మాత్రం అది 81 శాతానికి పడిపోయి దేశం తీవ్ర కరవును చవిచూసింది. మరి ఎల్‌నినో కరవుకు కారణమా, కాదా? కారణమే అయితే 1997లో ఎందుకు పనిచేయలేదు? కాకపోతే ఇన్ని దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు దానినే ఎందుకు గమనిస్తున్నారు?

ఈ ప్రశ్నలకు ప్రయోగశాలలో సమాధానం దొరకదు. కొత్త ఔషధాన్ని పరీక్షించేటప్పుడు కొందరికి మందు ఇచ్చి, మరికొందరికి ఇవ్వకుండా పోల్చి చూడవచ్చు. కానీ పసిఫిక్ మహాసముద్రం ఒక్కటే ఉంది. ఒక ఏడాది దానిని వేడి చేసి, అదే ఏడాది వేడి చేయకుండా ఉంచి ఫలితాన్ని పోల్చలేం. మన చేతిలో ఉన్నది ఏడాది తరువాత ఏడాదిగా నమోదైన అంకెల వరుస మాత్రమే. దీనినే గణాంక శాస్త్రంలో కాలశ్రేణి అంటారు. కేవలం పరిశీలన ద్వారా సేకరించిన ఇలాంటి వరుసల నుంచి ఏది కారణం, ఏది కార్యం అని తేల్చడం ఆ శాస్త్రంలోని అత్యంత క్లిష్టమైన పనులలో ఒకటి.

కాకతాళీయం నుంచి కారణం దాకా

ఈ సమస్య మన భాషకు కొత్త కాదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లనే పండు రాలిందనుకోవడం పొరపాటని చెప్పేదే ‘కాకతాళీయం’ అనే మాట. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ తెలియని తెలుగువారు అరుదు. మొదటిది యాదృచ్ఛికతను హెచ్చరిస్తే, రెండవది మరింత సూక్ష్మమైన భ్రమను ఎత్తిచూపుతుంది. కోడి కూత ప్రతిరోజూ తెల్లవారకముందే వినిపిస్తుంది. ఒక్క రోజు కూడా తప్పదు. అయినా అది సూర్యోదయానికి కారణం కాదు.

భారతీయ న్యాయశాస్త్రం ఈ తేడాను శతాబ్దాల క్రితమే గుర్తించింది. కార్యానికి ముందు ఉండటం, తప్పనిసరిగా ఉండటం అనే రెండు లక్షణాలతో పాటు ‘అన్యథాసిద్ధం’ కాకుండా ఉండటం కారణానికి అవసరమని నైయాయికులు వివరించారు. అంటే, అది లేకున్నా ఆ కార్యాన్ని వేరొక విధంగా వివరించగలిగే స్థితి ఉండకూడదు. కుమ్మరి మట్టిని మోసుకొచ్చిన గాడిద కుండ తయారు కావడానికి ముందే అక్కడ ఉంది. అయినా అది కుండకు కారణం కాదన్నది వారు చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ. ఆధునిక గణాంక శాస్త్రం ఎదుర్కొంటున్న చిక్కు సరిగ్గా ఇదే. అంకెల వరుసలో గాడిదను, కుమ్మరిని వేరు చేయడం ఎలా?

రుతుపవనాల వేటలో వాకర్

కాలశ్రేణుల అధ్యయన చరిత్రలో భారతదేశానికి ప్రత్యేక స్థానం ఉంది. 1875లో ఏర్పాటైన భారత వాతావరణ విభాగానికి తొలి అధిపతిగా పనిచేసిన హెన్రీ బ్లాన్‌ఫోర్డ్, హిమాలయాల్లో మంచు అధికంగా కురిస్తే ఆ తరువాత వానలు తగ్గుతున్నట్లు గమనించారు. ఈ సంబంధం ఆధారంగానే 1886లో రుతుపవనాలపై క్రమబద్ధమైన అంచనాలు ప్రారంభమయ్యాయి. కానీ తరువాతి దశాబ్దాల్లో ఆ సంబంధం నిలకడగా కనిపించలేదు.

1899లో ఘోర కరవు సంభవించిన కొన్నేళ్లకు, 1904లో కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రవేత్త గిల్బర్ట్ వాకర్ ఈ విభాగం పగ్గాలు చేపట్టారు. ప్రపంచంలోని అనేక కేంద్రాల్లో నమోదైన వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం వివరాలను సేకరించి, భారత రుతుపవనాలతో వాటి సహసంబంధాలను లెక్కగట్టించారు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఈ లెక్కలన్నీ గుమాస్తాలు చేతితోనే చేశారు. పసిఫిక్‌పై పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రంపై తగ్గడం, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరగడం అనే తూగుటుయ్యాల వంటి కదలికను వాకర్ ఈ అంకెల్లోనే గుర్తించి ‘సదరన్ ఆసిలేషన్’ అని పేరుపెట్టారు.

తన పద్ధతిలోని ప్రమాదాన్ని కూడా వాకర్ గ్రహించారు. వందలాది సంబంధాలను పరీక్షిస్తే, వాటిలో కొన్ని కేవలం యాదృచ్ఛికంగానే బలమైనవిగా కనిపిస్తాయని 1914లో ప్రచురించిన పత్రంలో ఆయన హెచ్చరించారు. ఒక చిన్న లెక్కతో దీనిని అర్థం చేసుకోవచ్చు. ఏ సంబంధమూ లేని 20 అంశాలను తీసుకొని, ఒక్కోదానిలో పొరపడే అవకాశం 5 శాతం మాత్రమే ఉండేలా పరీక్షించినా, కనీసం ఒక అంశమైనా ‘ముఖ్యమైనది’గా కనిపించే అవకాశం సుమారు 64 శాతం. ‘ఫలానా అంశానికి, వానలకు సంబంధం ఉంది’ అన్న వార్త చదివినప్పుడు, అది ఎన్ని అంశాలను జల్లెడ పట్టగా మిగిలిందో అడగడం అందుకే అవసరం.

రెండు వరుసలు కలిసి నడిస్తే

బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఉడ్నీ యూల్ 1926లో మరొక ఉచ్చును బయటపెట్టారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1866 నుంచి 1911 వరకు జరిగిన మొత్తం వివాహాల్లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో జరిగినవాటి నిష్పత్తిని, అదే కాలంలోని మరణాల రేటుతో ఆయన పోల్చారు. సహసంబంధ గుణకం 0.95గా తేలింది. గరిష్ఠ విలువ 1 కాగా, ఇది దాదాపు పరిపూర్ణ సంబంధం. కానీ ఏ పద్ధతిలో పెళ్లి చేసుకున్నారన్నది దేశంలో మరణాలను నిర్ణయించదు. ఆ కాలంలో రెండూ క్రమంగా తగ్గుతూ వచ్చాయి, అంతే. ఇలాంటి వాటిని యూల్ అర్థరహిత సహసంబంధాలుగా వర్ణించారు.

కాలంతో పాటు పెరిగే లేదా తగ్గే ఏ రెండు వరుసలను తీసుకున్నా ఈ పరిస్థితి ఎదురవుతుంది. రుతువులు కూడా ఇదే విధంగా భ్రమ కలిగిస్తాయి. తాటిముంజల అమ్మకాలు పెరిగిన నెలల్లోనే వడదెబ్బ కేసులూ పెరుగుతాయి. ముంజల వల్ల వడదెబ్బ తగలదని మనకు తెలుసు. రెండింటి వెనుకా ఎండ ఉంది. అంతగా పరిచయం లేని విషయాల్లో ఆ మూడవ అంశం కంటికి కనిపించదు. అందువల్ల విశ్లేషకులు ముందుగా వరుసల నుంచి దీర్ఘకాలిక ధోరణిని, రుతు ప్రభావాన్ని తొలగించి, మిగిలిన హెచ్చుతగ్గులను మాత్రమే పోల్చుతారు.

ఇంకొక చిక్కు జ్ఞాపకశక్తికి సంబంధించినది. సముద్ర ఉష్ణోగ్రత ఒక్క రోజులో మారిపోదు. ఈ నెల విలువ గత నెల విలువపై ఆధారపడి ఉంటుంది. అలాంటి వరుసలో ప్రతి అంకె ఒక కొత్త సాక్ష్యం కాదు. ఉదాహరణకు రెండు వరుసల్లోనూ ఒక్కో విలువకు దాని ముందు విలువతో 0.8 సహసంబంధం ఉంటే, వాటి మధ్య సంబంధాన్ని పరీక్షించేటప్పుడు 100 పరిశీలనలు సుమారు 22 స్వతంత్ర పరిశీలనలతో సమానం. ఒకే సాక్షి ఒకే మాటను అయిదుసార్లు చెబితే అయిదుగురు సాక్షులు కారు కదా!

ముందు వచ్చిందే కారణమా?

కారణం కార్యం కంటే ముందు ఉండాలి కాబట్టి, ఏది ముందు కదిలిందో చూస్తే సరిపోతుందనిపించవచ్చు. బ్రిటిష్ ఆర్థికవేత్త క్లైవ్ గ్రాంజర్ 1969లో ఈ ఆలోచనకు గణిత రూపమిచ్చారు. రేపటి వర్షపాతాన్ని అంచనా వేయడానికి వర్షపాతపు గత వివరాలన్నీ వాడుకున్న తరువాత కూడా, సముద్ర ఉష్ణోగ్రత గత వివరాలను చేర్చినప్పుడు అంచనా మెరుగుపడితే, ఉష్ణోగ్రత వర్షపాతానికి ‘గ్రాంజర్ కారణం’ అవుతుంది. కాలశ్రేణుల అధ్యయనంలో చేసిన కృషికి గ్రాంజర్‌కు 2003లో ఆర్థిక శాస్త్ర నోబెల్ లభించింది.

ఈ పరీక్ష వరుసల జ్ఞాపకశక్తిని పరిగణనలోకి తీసుకుంటుంది. అయితే దాని పరిమితి కూడా స్పష్టమే. ముసలమ్మ కోడి ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. తుపానుకు ముందు బారోమీటర్‌లో పాదరసం పడిపోతుంది. అంచనాకు అది ఎంతో పనికొస్తుంది. కానీ పాదరసాన్ని చేత్తో పైకి నెట్టినంత మాత్రాన తుపాను ఆగదు. అంచనాకు పనికిరావడం వేరు, కారణం కావడం వేరు.

రుతుపవనాల విషయంలో కాలక్రమం మరింత ఆశ్చర్యకరమైన తికమకను సృష్టించింది. ఎల్‌నినో సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో తారస్థాయికి చేరుతుంది. నైరుతి రుతుపవనాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉంటాయి. దాంతో రుతుపవనాలకు ముందు నెలల సదరన్ ఆసిలేషన్ కంటే, తరువాతి నెలల సదరన్ ఆసిలేషన్‌తోనే వానలకు బలమైన సంబంధం కనిపించింది. వాకర్ తరువాతి కాలంలో వాతావరణ విభాగాన్ని నడిపిన చార్లెస్ నార్మండ్ 1953లో ఈ విషయాన్ని ప్రస్తావిస్తూ, భారత రుతుపవనాలు ప్రపంచ వాతావరణంలో నిష్క్రియమైనవి కావని, ఇతర ప్రాంతాల పరిస్థితిని సూచించడానికే అవి ఎక్కువగా ఉపయోగపడుతున్నాయని వ్యాఖ్యానించారు. ముందు వచ్చిందే కారణమనుకుంటే, రుతుపవనాలే ఎల్‌నినోను పుట్టిస్తున్నాయని తీర్పు చెప్పాల్సి వస్తుంది. వాస్తవానికి ఎల్‌నినో పెరుగుదల వేసవి నుంచే మొదలవుతుంది; శిఖరం ఆలస్యంగా వచ్చినంత మాత్రాన పునాది ఆలస్యంగా పడినట్లు కాదు. గ్రాంజర్ తరహా పద్ధతులతో జరిగిన తరువాతి పరిశోధనల్లో ప్రభావం రెండు వైపులా ఉందని, కాలాన్ని బట్టి దాని బలం మారుతోందని సూచనలు లభించాయి.

యంత్రాంగం తెలిస్తేనే నమ్మకం

వాకర్ గుర్తించిన సహసంబంధాన్ని దశాబ్దాల పాటు చాలామంది సందేహంతోనే చూశారు. అది ఎలా పనిచేస్తుందో వివరించే భౌతిక ప్రక్రియ తెలియకపోవడమే అందుకు కారణం. 1960ల్లో జాకబ్ బ్యెర్క్‌నెస్ ఆ లోటును పూరించారు. సాధారణ పరిస్థితుల్లో పశ్చిమ పసిఫిక్‌లోని వెచ్చని నీటిపై గాలి పైకి లేచి, తూర్పున చల్లని నీటిపై కిందికి దిగుతుంది. ఈ గాలి చక్రానికి ఆయన ‘వాకర్ సర్క్యులేషన్’ అని పేరుపెట్టారు. ఎల్‌నినో వచ్చినప్పుడు వెచ్చని నీరు తూర్పుకు జరగడంతో గాలి లేచే చోటు కూడా మారుతుంది. దాంతో భారత ఉపఖండం, దాని పరిసరాలపై గాలి కిందికి దిగే ధోరణి బలపడి, మేఘాలు ఏర్పడటానికి ఆటంకం కలుగుతుంది.

సముద్రంతో ప్రయోగం చేయలేకపోయినా, భౌతిక సూత్రాలతో నిర్మించిన కంప్యూటర్ నమూనాలతో చేయవచ్చు. మిగతావన్నీ యథాతథంగా ఉంచి, పసిఫిక్‌లోని ఒక ప్రాంతాన్ని మాత్రమే వేడి చేసి ఫలితం చూడవచ్చు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన కె.కృష్ణకుమార్, ఆయన సహచరులు 2006లో ఇలాంటి ప్రయోగాలతో 1997 చిక్కుముడికి ఒక సమాధానం చూపారు. మధ్య పసిఫిక్ అత్యధికంగా వేడెక్కిన ఎల్‌నినోలు భారత్‌లో కరవుకు ఎక్కువగా దారితీస్తుండగా, తూర్పు పసిఫిక్ వేడెక్కిన వాటి ప్రభావం తక్కువగా ఉంటోందని వారు తేల్చారు. 1997 నాటిది రెండో తరహాకు చెందినది. అంటే ‘ఎల్‌నినో’ అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు కారణాలు దాగి ఉన్నాయి.

హిందూ మహాసముద్రం కూడా ఇందులో పాత్రధారి. దాని పశ్చిమ భాగం వేడెక్కి, తూర్పు భాగం చల్లబడే ‘డైపోల్’ స్థితిని 1999లో భారత్, జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. 1997లో ఇది బలంగా ఉండి ఎల్‌నినో ప్రభావాన్ని కొంత అడ్డుకుందన్నది మరొక వివరణ. ఇక్కడే విశ్లేషకులు జాగ్రత్త పడాల్సిన అంశం ఒకటుంది. డైపోల్ ఏర్పడటంలో ఎల్‌నినోకు కూడా కొంత పాత్ర ఉండవచ్చు. అలాంటప్పుడు డైపోల్ ప్రభావాన్ని లెక్కలోంచి తీసివేస్తే, ఎల్‌నినో ప్రభావంలో కొంత భాగం కూడా దానితో పాటే తొలగిపోతుంది. రెండింటి వెనుక ఉన్న ఉమ్మడి కారణాన్ని తొలగించడం సరైనదే; కానీ కారణం ప్రయాణించే దారినే తొలగిస్తే ఫలితం తప్పుదారి పడుతుంది. ఏది ఉమ్మడి కారణమో, ఏది దారో అంకెలు చెప్పవు. విషయ పరిజ్ఞానం చెప్పాలి.

సంబంధాలు మారినప్పుడు

వాతావరణ విభాగం 1988 నుంచి 16 సూచికల ఆధారంగా రూపొందించిన గణాంక నమూనాను వినియోగించింది. 2002లో వర్షపాతం 101 శాతం ఉంటుందని అంచనా వేయగా 81 శాతమే నమోదైంది. ఆ ఏడాది జులైలో వర్షపాతం సాధారణంలో దాదాపు సగానికే పరిమితమైంది. కొన్ని సూచికలకు వానలతో ఉన్న సంబంధం కాలక్రమంలో బలహీనపడినట్లు సమీక్షలో తేలడంతో 2003లో నమూనాలను సవరించారు. 2021 నుంచి పలు భౌతిక నమూనాల సముదాయాన్ని కూడా అంచనాలకు వినియోగిస్తున్నారు.

కారణం కాని సూచిక కూడా కొంతకాలం బాగా పనిచేయవచ్చు. అయితే దానిని కార్యంతో కలిపి ఉంచిన అసలు పరిస్థితి మారిన రోజున, అది చెప్పాపెట్టకుండా విఫలమవుతుంది. కారణాన్ని వెతకడం కేవలం సిద్ధాంత చర్చ కాదని 2002 స్పష్టం చేసింది.

అదే సమయంలో ప్రతి మార్పును నిజమైన మార్పుగా భావించడమూ ప్రమాదమే. ఎల్‌నినో, రుతుపవనాల సంబంధం ఇటీవలి దశాబ్దాల్లో సడలుతోందని 1999లో ఒక ముఖ్య పరిశోధన వెల్లడించింది. కానీ రెండేళ్లకే మరో పరిశోధక బృందం దీనిని ప్రశ్నించింది. సంబంధం ఏమాత్రం మారకపోయినా, రెండు దశాబ్దాల చొప్పున ముక్కలుగా కోసి చూస్తే సహసంబంధం యాదృచ్ఛికంగానే అంత మేర ఊగిసలాడగలదని ఆ బృందం వాదించింది. ఆ తరువాత 2002, 2009లలో ఎల్‌నినోతో పాటే కరవులు వచ్చాయి. 2009లో వర్షపాతం 78 శాతానికే పరిమితమైంది.

మొత్తాలు కూడా వాస్తవాన్ని దాచవచ్చు. ఎల్‌నినో ఏర్పడిన 2023లో నైరుతి వర్షపాతం దేశవ్యాప్తంగా 94 శాతమే అయినా, ఆగస్టు మాత్రం 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా నిలిచింది. మరోవైపు, ఎల్‌నినో సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు తమిళనాడు, రాయలసీమ, దక్షిణ కోస్తాల్లో బలంగా ఉండే అవకాశం ఎక్కువ. ఒకే కారణం ఒకే ప్రాంతంలో రెండు రుతువుల్లో వ్యతిరేక ఫలితాలనిస్తుంటే, ఏడాది మొత్తాన్ని కూడి చూసేవారికి ఏ ప్రభావమూ కనిపించకపోవచ్చు.

ప్రకృతి, ప్రభుత్వాలు చేసే ప్రయోగాలు

అప్పుడప్పుడు ప్రకృతే ప్రయోగం చేస్తుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలి, స్ట్రాటోస్ఫియర్‌లోకి భారీగా సల్ఫర్ డయాక్సైడ్‌ను వెదజల్లింది. తరువాతి ఏడాదికి భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.5 డిగ్రీల సెల్సియస్ తగ్గింది. వాతావరణం వల్ల అగ్నిపర్వతం పేలదు కాబట్టి, ఇక్కడ ఏది కారణమన్న సందేహానికి తావు లేదు.

ప్రభుత్వ పథకాలను అంచనా వేయడానికి కూడా ఇదే తరహా ఆలోచన ఉపకరిస్తుంది. చెరువుల్లో పూడిక తీసిన తరువాత ఒక మండలంలో భూగర్భ జలమట్టం పెరిగిందనుకుందాం. అది పూడికతీత ఫలితమా, లేక ఆ రెండేళ్లు వానలు బాగా పడటమా? ‘ముందు, తరువాత’ అంకెలు మాత్రమే దీనిని తేల్చలేవు. అవే వానలు పడి, పూడిక తీయని పొరుగు మండలంలో నీటిమట్టం ఎంత మారిందో చూసి, రెండు మార్పుల మధ్య తేడాను లెక్కించాలి. అంతకుముందు ఏళ్లలో ఆ రెండు మండలాల నీటిమట్టాలు ఒకే తీరున నడిచాయా అన్నది కూడా పరిశీలించాలి. ఈ జాగ్రత్త లేకపోతే మంచి వానల ఏడాదిలో ప్రతి పథకమూ విజయవంతమైనట్లు, కరవు ఏడాదిలో ప్రతి పథకమూ విఫలమైనట్లు కనిపిస్తుంది. ప్రజాధనం ఎక్కడ ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఆ భ్రమపైనే ఆధారపడుతుంది.

పాఠకులు అడగాల్సిన ప్రశ్నలు

ఒక అంశం వల్లనే మరొకటి జరిగిందని అంకెలతో చెప్పినప్పుడు సాధారణ పాఠకులు సైతం కొన్ని ప్రశ్నలు వేసుకోవచ్చు. రెండు వరుసలూ కాలంతో పాటు కేవలం పెరుగుతూ పోతున్నాయా? రెండింటినీ నడిపిస్తున్న మూడవ అంశం ఏదైనా ఉందా? ఏది ముందు కదిలిందో శిఖరాలను బట్టి కాక, మొదలును బట్టి చూశారా? ఎన్ని అంశాలను పరీక్షించి దీనిని ఎంపిక చేశారు? కొత్త సంవత్సరాల వివరాలతోనూ ఇదే ఫలితం వస్తోందా? ఆ ప్రభావం ఏ దారిలో పనిచేస్తుందో వివరించగలుగుతున్నారా?

ఈ ప్రశ్నలన్నింటినీ తట్టుకొని నిలిచినందువల్లనే ఎల్‌నినోను రుతుపవనాలపై ప్రభావం చూపే కారణాలలో ఒకటిగా శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. అది కరవు అవకాశాన్ని పెంచుతుంది. కరవును ఖాయం చేయదు. సముద్రంలో ఏ భాగం వేడెక్కింది, హిందూ మహాసముద్రం ఏ స్థితిలో ఉంది అన్న ఇతర కారణాలతో కలిసే అది పనిచేస్తుంది. అందువల్ల ఎల్‌నినో ప్రకటన వెలువడిన ఏడాది రైతుకు కావలసింది సాగు మానుకోవాలన్న భయం కాదు. తక్కువ నీటితో పండే రకాన్ని సిద్ధంగా ఉంచుకోవడం, పంట బీమా గడువును మరచిపోకపోవడం, మే చివరన వెలువడే సవరించిన అంచనాను, ఆపై తన జిల్లాకు వచ్చే స్వల్పకాలిక సూచనలను గమనిస్తూ విత్తే సమయాన్ని నిర్ణయించుకోవడం.